ఊ కొట్టొద్దన్న ఎండాకాలం

మా ఇంట్లో కథ చెప్పాలంటే ఒక షరతు ఉండేది. వినేవాళ్లలో ఒకరు ఊ కొట్టాలి. ఊ ఆగితే కథ ఆగాలి. ఆ షరతు పెట్టింది మా అత్త. నేను నారాయణఖేడ్‌కు కోడలిగా వచ్చిన కొత్తలో, జొన్నరొట్టెలు కొడుతూ ఏదో ఒకటి చెబుతూ ఉండేదాన్ని. ఐదో తరగతి దాటి నాకు చదువు లేదు. కానీ విన్నది, చూసింది నా నుంచి జారిపోదు. ఏ పెళ్లిలో ఎవరు ఏ చీర కట్టారో, ఏ ఆదివారం పాస్టరు ఏ మాట దగ్గర తడబడ్డాడో, అన్నీ లోపలే ఉండిపోతాయి. వాటికి కొంచెం ఉప్పూ కారం కలిపి చెప్పేదాన్ని. ఎవరూ పలకకపోతే మా అత్త చేయి అడ్డం పెట్టేది.

"ఊ అనేటోళ్లు లేకుంటె ఎవలికి చెప్తున్నవే? పొయ్యికా?"

అప్పుడు మా ఆడబిడ్డ పొయ్యి దగ్గరికి జరిగి కూర్చునేది. మా ఆయనకు ఒక్కతే చెల్లెలు. నేను వచ్చేనాటికి రెండు జడలతో బడికి పోతుండేది. ఊ కొట్టడంలో ఆమెను మించినవాళ్లు మా వాడలో లేరు. దొంగ వస్తే పొట్టి ఊ, దయ్యం వస్తే పొడుగు ఊ, దొంగే దయ్యానికి భయపడితే నవ్వు కలిసిన ఊ. ఆమె ఊ కొడుతుంటే నాకు తెలియని కథ కూడా నా నోట్లోంచి వచ్చేది.

ఆ పిల్లే ఖేడ్‌లో డిగ్రీ చదివి, హైదరాబాదు యూనివర్సిటీకి పోయి, అక్కడ చెట్ల చదువు చదివింది. ఆ తర్వాత ఇంకా పైకి, పరిశోధన అంటారే, దానిలో చేరింది. ఆ చదువులో ఒక తిరకాసు ఉందట. తాము చదువుకుంటూనే కింది క్లాసు పిల్లలకు పాఠం చెప్పాలి. అది విని మేమంతా సంబరపడ్డాం. బస్సు డిపోలో పనిచేసే మా ఆయన, కనబడిన డ్రైవరుకల్లా చెప్పుకున్నాడు. మా అత్త అయితే ఆమెను పేరు పెట్టి పిలవడం మానేసి "మా పంతులమ్మ" అనడం మొదలుపెట్టింది.

రెండు వేల నాలుగో ఐదో అయి ఉండాలి. ఆ ఎండాకాలం సెలవులకు ఆమె వచ్చిన రోజు నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. ఎప్పుడూ వాకిట్లోంచే "వదినె, రొట్టె" అని కేక పెట్టుకుంటూ వచ్చే పిల్ల, ఆ రోజు బ్యాగు కింద పెట్టి గడప మీద కూలబడింది. నేను నీళ్ల చెంబు ఇచ్చి పక్కన కూర్చున్నాను.

"ఏమైందే? ఫేలయినవా?"

"ఫేలైతె మంచిగుంటుండె వదినె. మల్ల రాస్తుంటి."

కొంచెం కొంచెంగా చెప్పుకొచ్చింది. వాళ్ల దగ్గర పాఠం చెప్పేవాళ్లకు కూడా పాఠాలు పెట్టారట. ఈమెలాంటి పరిశోధన పిల్లలూ, కొత్తగా చేరిన సార్లూ అందరూ కూర్చోవాలి. ఒక్కొక్కరు తమ క్లాసు చెప్పాలి. మిగిలినవాళ్లు వెనక కూర్చుని చూస్తారు. కెమెరా కూడా పెడతారు. గోడ అవతల నుంచి వింటున్న పక్కింటి పెద్దమ్మ ఆగలేకపోయింది.

"పంతుళ్లకు పంతులా? గట్ల గూడ ఉంటరానే?"

"ఉంటరు పెద్దమ్మ. ఉండుడే నా పరేషాన్."

ఈమె క్లాసు చెప్పింది. అయిపోయాక పెద్ద సారు ఒకాయన లేచి, పిల్లలకు అర్థమైందా అని ఈమెను అడిగాడు. అయింది సార్, అందరూ అయిందన్నారు అని ఈమె ధైర్యంగా చెప్పింది. ఆయన ముందు బెంచీలో ఒక అమ్మాయిని లేపి, విన్నది నీ మాటల్లో చెప్పమన్నాడు. ఆ అమ్మాయి తల వంచుకుని నిలబడింది. పక్కన ఇంకొకరిని లేపాడు. అతనూ అంతే. మర్నాడు కెమెరాలో పట్టింది అందరి ముందూ వేసి చూపించారు. తెర మీద ఈమె వీపు కనబడుతోంది, బోర్డు వైపు తిరిగి రాసుకుంటూ పోతోంది, మాటకొకసారి "సమజైందా? సమజైందా?" అంటోంది. క్లాసు మొత్తం "ఊ" అంటోంది. మన ఖేడ్ మాట అంత పెద్ద తెర మీద వినబడేసరికి ఇద్దరు ముగ్గురు కిసుక్కున నవ్వారట.

"సారు తిట్టలేదు వదినె. తిట్టినా అయిపోతుండె. నువ్వు అడిగిందానికే వాళ్లు జవాబు చెప్పారమ్మా, నువ్వు అడగాల్సింది అది కాదు, అన్నడు."

సెలవులు అయ్యాక మళ్లీ ఒకసారి చెప్పాలట. అది బాగుంటే వచ్చే ఏడాది మొత్తం ఒక క్లాసు ఆమెకు ఇస్తారు. లేకపోతే ల్యాబులోనే ఉండిపోవాలి.

"నాకు పాఠం జెప్పుడే గావాలె వదినె. సీసాలు కడుగుడు గాదు. గందుకేనా నేను గంత దూరం పోయింది?"

నేను లేచి పోయి రొట్టె చేసి పెట్టాను.

ఆ రోజుల్లో కంగ్టి నుంచి మా అత్త తరఫు వాళ్లు ఏటా రెండు బస్తాల చింతపండు పంపేవారు. ఎండాకాలం మధ్యాహ్నాలు మా పని అదే. వేపచెట్టు నీడలో గోనెసంచి పరుచుకుని, పెంకు ఒలిచి, ఈనె తీసి, రాయి మీద పెట్టి కొట్టి గింజ రాల్చడం. మా అత్త, నేను, పక్కింటి పెద్దమ్మ, నా చిన్నబిడ్డ. మర్నాడు మేం కూర్చున్నామో లేదో మా ఆడబిడ్డ పొయ్యిలోంచి బొగ్గుముక్క తెచ్చుకుని మా ముందు గోడ దగ్గర నిలబడింది.

"గా గోడకు మొన్ననే సున్నమేసిన," అంది మా అత్త.

"మల్ల నేనే ఏస్త తియ్యమ్మ. మీరు ఇప్పుడు నా క్లాసు పిల్లలు. ఇనుండ్రి."

పాఠం ఏమిటంటే, భూమిలో ఉన్న నీళ్లు చెట్టు కొసదాకా ఎట్లా ఎక్కుతాయి అని. గోడ వైపు తిరిగి వేరు గీసింది, కాండం గీసింది, బాణాలు వేసింది. పుస్తకంలో ఉన్న మాటలన్నీ వరుసగా చెప్పుకుంటూ పోయింది. కేశనాళికలు, బాష్పోత్సేకం, ఇంకా ఏవేవో. మేం చింతపండు కొడుతూ ఊ కొట్టాం. ఎంతైనా అలవాటు కదా, వెనక్కు తిరిగి చూడకుండానే ఆమె ఆ ఊ మీద సాగిపోయింది. చివరకు చేతులు దులుపుకుని మా వైపు తిరిగింది.

"సమజైందా?"

"అయింది బిడ్డా, మస్తు జెప్పినవ్," అంది మా అత్త.

ఆమె ముఖం వెలిగింది. అంతలో ఆ సారు మాట గుర్తుకొచ్చినట్టుంది. నా వైపు చూసింది.

"వదినె, నువ్వు చెప్పు. ఏం సమజైంది?"

నా చేతిలో రాయి చేతిలోనే ఉంది. వెతుక్కున్నాను. నాలో జారిపోకుండా మిగిలింది ఒక్కటే.

"గోడ మీద బొమ్మ మంచిగ గీసినవ్."

పెద్దమ్మ నవ్వీ నవ్వీ దగ్గింది. "నాకైతె ఈమె ఈపు సమజైంది. నువ్వు మాకు చెప్తున్నవా పిల్లా, గోడకు చెప్తున్నవా?"

మా ఆడబిడ్డ నవ్వలేదు. బొగ్గు కింద పడేసింది.

"మరి సమజు గాకుంటె ఊ ఎందుకన్నరు?"

"అయ్యో, నువ్వు గంత కష్టపడి చెప్తుంటె నోరు మూసుకుని కూసుంటె మర్యాదేనా?" అంది మా అత్త. "చర్చిల ఆమెన్ అంటం. అన్నీ సమజయ్యే అంటమా?"

మా ఆడబిడ్డ గోడకు చేరగిలబడి చాలాసేపు మమ్మల్నే చూసింది. నాకైతే అప్పుడు ఆమె తెర మీద తన క్లాసును మళ్లీ చూస్తున్నట్టనిపించింది. చివరకు వచ్చి గోనెసంచి మీద మా మధ్య కూర్చుంది.

"ఇగ రేపటి సంది ఎవ్వలు ఊ అనొద్దు. తలకాయ గూడ ఊపొద్దు. నేను అడిగినప్పుడే మాట్లాడాలె. సరేనా?"

"ఊ," అంది మా అత్త.

ఈసారి మా ఆడబిడ్డ కూడా నవ్వింది.

ఊ కొట్టకుండా ఉండటం ఎంత కష్టమో ఆ ఎండాకాలమే తెలిసింది మాకు. గొంతుదాకా వచ్చేది. మా అత్త కొంగు నోట్లో కుక్కుకునేది. నా చిన్నబిడ్డ ఎవరి గొంతు కదిలినా పట్టుకుని "నాయనమ్మ అన్నది, నాయనమ్మ అన్నది" అని అరిచేది. అయితే మాకంటే పాఠం చెప్పేదానికే ఎక్కువ కష్టమైంది. ఊ లేకపోతే ఆమె మాట నడవలేదు. ఒక మాట అని మా ముఖాలు చూసేది, చెమట తుడుచుకునేది, ఇంకో మాట గబగబా అనేది. ప్రశ్న అడిగి, మేం ఊపిరి పీల్చుకునేలోగా జవాబు తానే చెప్పేసేది.

"నువ్వే అడిగి నువ్వే చెప్పుకుంటె మేమెందుకే?" అంది పెద్దమ్మ. "చింతపండు కొట్టెతందుకా?"

"సారు గూడ గదే అన్నడు పెద్దమ్మ. అడిగినంక ఆగాలంట. ఆగుడు నాకస్తలేదు. మీరు సప్పుడు జెయ్యకుంటె నేనేదో తప్పు జేసినట్టే అనిపిస్తది."

పుట్టినప్పటి నుంచి ఊల మధ్య పెరిగిన పిల్ల. మా ఇంట్లో నిశ్శబ్దం అంటే ఎవరో అలిగారనో, ఎవరికో ఒంట్లో బాగాలేదనో అర్థం. అటువంటి ఇంట్లో పుట్టి, నలుగురి ముందు నిలబడి నోరు మూసుకుని ఆగాలంటే ఎట్లా వస్తుంది? రెండు మూడు రోజులు తంటాలు పడింది. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం కుప్పలోంచి ఒక చింతకాయ తీసుకుని పైకెత్తి చూపించింది.

"ప్రశ్న అడుగుత. ఇది ఒలిచి గింజలన్నీ తీసేదాక నేను నోరు తెరువ. అంతదాక మీరు ఆలోచన జెయ్యుండ్రి. జల్దీ ఏం లేదు."

అడిగింది. నీళ్లు చెట్టు మీదికి ఎట్లా పోతాయి? అడిగి, కింద కూర్చుని పెంకు ఒలవడం మొదలుపెట్టింది. మొదటి కాయ నలిపి నలిపి ముద్ద చేసింది. రెండోది కొంచెం నయం. మేం కొట్టే రాళ్ల చప్పుడు తప్ప వాకిట్లో ఏమీ లేదు. అవతల డిపోలోంచి బస్సు బయటికి వస్తున్న హారన్ వినబడింది. అప్పుడు మా అత్త, తనలో తాను అనుకున్నట్టు అంది.

"చెట్టుకు దూప ఐతది. తాగుతది. ఇండ్ల ఏమున్నది?"

దూప అంటే దాహం. మా ఆడబిడ్డ పెదాల మీదికి "గట్ల గాదమ్మ" అన్న మాట రావడం నేను చూశాను. పుస్తకంలో అట్లా లేదు కదా మరి. కానీ చేతిలో కాయలో ఇంకా గింజలున్నాయి. తల వంచుకుని అవి తీసింది. అన్నీ తీశాక తల ఎత్తింది.

"దూప ముందుగాల దేనికైతదమ్మ? వేరుకా, ఆకుకా?"

మా అత్త చేతిలో రాయి ఆగింది. ఇంకో కాయ ఒలిచేంతసేపు ఆలోచించింది.

"ఆకుకే. ఎండల ఉన్నది గదే."

"ఎండల ఉంటె ఏమైతది?"

"ఎండుతది. దాన్ల నీళ్లు పోతయి."

"పోతె?"

ఆమె మళ్లీ కాయ అందుకుంది. నేను ఎటో చూస్తున్నాను. ఎదురుగా తీగ మీద పొద్దున నేను ఆరేసిన చీర. దాని కొంగు జారి కింద బకెట్లో పడి ఉంది. పైభాగం ఎండి గాలికి ఎగురుతోంది, నడిమి నుంచి కింద అంతా తడి. పొద్దున బకెట్లో నిండా నీళ్లు పెట్టాను, ఇప్పుడు తగ్గి ఉన్నాయి.

"ఆకు కిందికెల్లి గుంజుకుంటది," అన్నాను. ఆ మాట నేనే అన్నానని నాకు వెంటనే తెలియలేదు.

"ఎట్ల జెప్పగలిగినవ్ వదినె?"

చీర చూపించాను. ఆమె లేచి పోయి కొంగు పట్టుకుని పైదాకా చూసింది, వంగి బకెట్లోకి చూసింది. వెనక్కు వచ్చి, బాగుంది అనలేదు, సమజైందా అనలేదు. నా చిన్నబిడ్డను పిలిచి "నాయనమ్మకు ఇదంత నువ్వు ఇంకోసారి చెప్పు" అంది. అది చెప్పింది. ఆకుకు దూప అవుతుందట, కొమ్మను అడుగుతుందట, కొమ్మ కాండాన్ని అడుగుతుందట, కాండం వేరును అడుగుతుందట, వేరు భూమిని అడుగుతుందట. ఆ చెప్పడంలో సగం నా కథల పోకడే. మిగిలిన సగం మేనత్త పాఠం.

పెద్దమ్మకు ఇంకా తీరలేదు. "మరి రాత్రి ఎండ ఉండదు గద. రాత్రి తాగదా చెట్టు?"

"మంచిగ అడిగినవ్ పెద్దమ్మ. నువ్వేమనుకుంటున్నవ్?"

"నేను నిన్ను అడిగితె నువ్వు నన్నే అడుగుతవా? గిదేం సదువే తల్లీ."

ఆ సెలవులు అయిపోయేసరికి రెండు బస్తాల చింతపండూ అయిపోయింది. ఏ ఏడూ అంత నున్నగా ఒలిచిన పండు మా ఇంట్లో లేదు. గోడ నిండా బొగ్గు గీతలు. సున్నం వేస్తానన్న మనిషి వేయకుండానే బస్సెక్కింది. పోయేముందు గింజల కుప్పలోంచి ఒక గుప్పెడు తీసి రుమాలులో మూట కట్టుకుంది. క్లాసులో చింతకాయ ఒలవడం కుదరదు కదా. ప్రశ్న అడిగాక, గింజలను ఒక్కొక్కటే ఎడమ పిడికిట్లోంచి కుడి పిడికిట్లోకి మార్చుకుంటుందట. అన్నీ మారేదాకా నోరు తెరవదట.

ఆ వారం మా వాడలో ప్రార్థన కూడిక మా ఇంట్లోనే. అందరూ తమ తమ మనవులు చెప్పుకున్నారు. జ్వరాలు, పరీక్షలు, వాన. మా అత్త వంతు వచ్చింది. "మా బిడ్డకు ఆగుడు నేర్పు ప్రభువా" అంది. ఎందుకో మాకు తప్ప ఎవరికీ తెలియదు. అయినా అందరూ గట్టిగా ఆమెన్ అన్నారు. నేను పెద్దమ్మ వైపు చూడకుండా ఉండటానికి గట్టిగా కళ్లు మూసుకున్నాను.

ఆమె క్లాసు చెప్పే రోజు సాయంత్రం ఎదురుగా ఉన్న కిరాణా దుకాణానికి ఫోన్ చేస్తానంది. మా అత్తా నేనూ ముందే పోయి నూనె డబ్బాల పక్కన నిలబడ్డాం. దుకాణం అతను రెండుసార్లు ఏం కావాలని అడిగాడు. ఫోన్ మోగింది. నేనే అందుకున్నాను.

"ఏమైందే?"

చప్పుడు లేదు.

"అలో. ఇనబడుతుందా?"

ఏమీ లేదు. లైను కట్టయిందేమో అనుకున్నాను. మా అత్త నా ముఖం చూసి గోడ పట్టుకుంది. అప్పుడు అటు నుంచి సన్నగా నవ్వు.

"ఏం లేదు వదినె. ఆగుతున్న. ఆగుడు వస్తుంది ఇప్పుడు నాకు."

తిట్టాలనిపించింది, తిట్టాను కూడా. ఆ తర్వాత చెప్పింది. ప్రశ్న అడిగిందట. ఎవరూ పలకలేదట. వెనక సార్లందరూ కూర్చుని ఉన్నారు, కెమెరా నడుస్తోంది. గింజలు మారుస్తూ నిలబడింది. చెయ్యంతా చెమట. ఒక గింజ జారి టక్కున కింద పడి, దొర్లుకుంటూ ముందు బెంచీ కిందికి పోయింది. క్లాసంతా నవ్వింది. అక్కడ కూర్చున్న అమ్మాయి వంగి గింజ తీసి ఇవ్వడానికి లేచింది. మొదటిసారి తల వంచుకుని నిలబడింది ఆ అమ్మాయే. ఎట్లాగూ లేచింది కదా, గింజ చేతిలో పట్టుకునే అడిగిందట. మేడమ్, బోరు మోటారు లాగా వేరు నీళ్లను పైకి నెడుతుందా, అని.

"నువ్వేమన్నవ్?"

"మోటారు కిందున్నదా, మీదున్నదా అన్న. అని మల్ల ఆగిన."

ఇక అక్కడి నుంచి పిల్లలే మాట్లాడుకున్నారట. కింద ఉందని కొందరు, పైన ఉందని కొందరు. ఈమె చున్నీ కొస నీళ్ల గ్లాసులో ముంచి పట్టుకుంటే, అది ఎక్కడిదాకా తడిసిందో చూడటానికి వెనక బెంచీ వాళ్లు ముందుకు వచ్చారట. చివర్లో పెద్ద సారు ఎవరిని లేపినా, పొట్టో పొడుగో, ఏదో ఒకటి తమ మాటల్లో చెప్పారట.

"మరి క్లాసు ఇచ్చిండా, లేదా?"

"ఇచ్చిండు వదినె. ఏడాది మొత్తం. బోర్డు దిక్కు ఇంక తిరుగుతనే ఉన్నవమ్మా అని గూడ అన్నడు."

మా అత్తకు ఫోన్ ఇచ్చాను. ఆమె "ఊ" అంది, మళ్లీ "ఊ" అంది. అటు నుంచి ఆమె కూతురు కూడా ఈసారి వద్దనలేదు.

తర్వాత కొన్నేళ్లకు ఆమె ఖేడ్ కాలేజీకే పాఠం చెప్పడానికి వచ్చింది. కొత్తగా చేరిన లెక్చరర్లను సెలవు రోజున మా వాకిట్లో కూర్చోబెట్టేది. ఒకరు పాఠం చెబితే మిగిలినవాళ్లు వినడం, ఆ తర్వాత మంచీచెడూ మాట్లాడుకోవడం. గడపలో అడుగుపెట్టిన ప్రతివాళ్లకూ మా అత్త ముందే చెప్పేది, "ఈడ ఊ అనొద్దు బిడ్డా" అని. ఎంఎస్సీలు చదివిన పిల్లలు భయపడి నోరు మూసుకునేవారు. నేను చాయ్ ఇస్తూ విని నవ్వుకునేదాన్ని. నా కథలు కూడా మారిపోయాయి. దయ్యం తలుపు దగ్గరికి వచ్చాక ఆపి, ఇప్పుడు ఏం చేస్తుందో మీరే చెప్పండి అనేదాన్ని. పిల్లలు చెప్పే దయ్యాలు నా దయ్యాల కంటే గడుసువి.

మా అత్త పోయిన తర్వాతి ఎండాకాలం, కంగ్టి నుంచి చింతపండు ఒక బస్తానే వచ్చింది. అప్పటికి మా ఆడబిడ్డకు వేరే ఊళ్లో ఉద్యోగం. సెలవులకు వచ్చి ఒక మధ్యాహ్నం నాకు ఎదురుగా గోనెసంచి మీద కూర్చుంది. పెద్దమ్మ చూపు ఆనక ఇంట్లోనే ఉంటోంది. నా చిన్నబిడ్డ కాలేజీకి పోయింది. ఇద్దరమే. నేను పాత కథ ఒకటి మొదలుపెట్టాను, దొంగ దయ్యానికి భయపడేది. ఆమె తల వంచుకుని నున్నగా కాయ ఒలుస్తోంది. ఎన్నేళ్ల అలవాటో, నోరు మెదపలేదు. కొంత దూరం పోయి నేను ఆగిపోయాను.

"ఏంది వదినె, ఆపినవ్? ఇప్పుడేమైతదో నన్ను చెప్పమంటవా?"

"వద్దు. ఊ అనేటోళ్లు లేకుంటె ఎవలికి చెప్పాలె? పొయ్యికా?"

ఆమె చేతిలో కాయ పక్కన పెట్టింది. మా అత్త ఎప్పుడూ కూర్చునే వైపు ఒకసారి చూసింది. మోకాళ్లు దగ్గరికి లాక్కుని, రెండు జడలప్పుడు పొయ్యి దగ్గరికి జరిగినట్టే నా దగ్గరికి జరిగింది.

"ఊ," అంది. పొడుగుది, దయ్యం వచ్చినప్పటిది.

కథలో దయ్యం ఇంకా రాలేదు. అయినా తీసుకొచ్చాను.